రెండో మైలురాయి దాకా

1934 అక్టోబరు చివర ఒక మంగళవారం పొద్దున వెళ్ళైసామి ట్రంకు రోడ్డు మీద రెండు మైళ్ళు పరుగెత్తి ఆగిపోయాడు. ముందు రోజూ అక్కడే ఆగాడు, దాని ముందు రోజూ అక్కడే. రెండో మైలురాయికి కొట్టిన తెల్లసున్నం మీద ఒకచోట మట్టి మరక పడింది. వారం రోజులుగా అతను అరచెయ్యి ఆనించి నిలబడుతున్న చోటు అది.

కాళ్ళలో నొప్పి లేదు. ఊపిరి బాగానే ఆడుతోంది. ఆగడానికి కారణం వేరే. రెండో మైలు దగ్గరికి వచ్చేసరికి అతని గుండె చప్పుడు అతనికే వినిపిస్తుంది. వినిపించగానే మనసు దాన్ని పట్టుకుని లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. బజారులో, కచేరీలో, బస్సులో అన్నీ అరవంలో మాట్లాడే మనిషి, లెక్క మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే పెట్టుకుంటాడు. ఇరవై దాకా వచ్చేసరికి ఎక్కడో ఒక దెబ్బ తప్పినట్టు తోస్తుంది. అంతే, కాళ్ళు నిలిచిపోతాయి. కాసేపు నిలబడి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, ఇంటికి నడిచి వస్తాడు.

చూడకుండా ఎవరుంటారు? కోవిల్‌పట్టి నుంచి విరుదునగరం పోయే మొదటి బస్సు సరిగ్గా అదే వేళకు వస్తుంది. నాలుగో రోజు నుంచి ఆ బస్సు డ్రైవరు రాయి దగ్గర హారను మోగించి, "ఏం నాయక్కరే, రాయికి మొక్కు తీరిందా?" అని అరవంలో అడిగి పోతున్నాడు.

వెళ్ళైసామికి అప్పటికి ముప్పై రెండేళ్ళు. కోవిల్‌పట్టికి ఉత్తరాన, ట్రంకు రోడ్డుకు మైలు దూరంలో అతని ఊరు. పద్నాలుగు ఎకరాల నల్లరేగడి. సగం పత్తి, సగం సజ్జ. వానపడితే ఆ మట్టి కాలికి తట్టెడు అంటుకుంటుంది కాబట్టి, ఆ ఊళ్ళో పరుగెత్తాలనుకునేవాడికి రోడ్డు తప్ప గతిలేదు. నిజానికి ఆ ఊళ్ళో పరుగెత్తాలనుకున్నవాడు అతనొక్కడే. చిన్నప్పటి నుంచి రేక్లా ఎద్దుల పక్కన పరుగెత్తాడు. రేక్లా అంటే పందేలకు కట్టే తేలికపాటి బండి. దానికి కట్టే ఎద్దులకు రోజూ కాలు సాగాలి. ముక్కుతాడు పట్టుకుని వాటితో పాటు ఎవడో ఒకడు పరుగెత్తాలి. ఆ ఎవడో ఒకడు పదిహేనేళ్ళ పాటు వెళ్ళైసామే.

విరుదునగరం వ్యాయామ సంఘం వాళ్ళు మనుషులకు కూడా దూరపు పరుగు పందెం పెడుతున్నారని తెలిసి, 1932 ఫిబ్రవరి ఆఖరున, అరవవాళ్ళ మాసి నెలలో, ఊరికే చూద్దామని వెళ్ళాడు. కోవిల్‌పట్టి దాటి అయిదు మైళ్ళు వచ్చాక రోడ్డుకు అడ్డంగా సున్నపు గీత. అక్కడి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగరం పత్తి మార్కెట్టు మైదానం దాకా ఇరవై ఆరు మైళ్ళు. ఆ ఏడు ఇరవై ముగ్గురిలో మూడోవాడిగా వచ్చాడు. మరుసటి ఏడు రెండోవాడు. ఆ రెండేళ్ళూ ముందు రోజు అతను చేసిన ప్రత్యేకమైన పని ఏమీ లేదు. ఇంట్లో ఉన్న పులిసిన సజ్జ అంబలి తాగాడు, పడుకున్నాడు, పొద్దున్నే లేచి మరో చెంబు తాగి వెళ్ళాడు.

మూడో ఏడు అతని బావ చెల్లసామి రంగంలోకి దిగాడు.

చెల్లసామి వెళ్ళైసామి భార్య బొమ్మక్కకు అన్న. చుట్టుపక్కల ఇరవై ఊళ్ళలో పందెపు ఎద్దుల సంగతి అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదని అతని నమ్మకం. ఇరవై ఊళ్ళూ ఒప్పుకునేవి కూడా. చెల్లెలి మొగుడు మూడు, రెండు అని వచ్చి, ఇక ఒకటి రావలసిన ఏడు ఆ పని అదృష్టానికి వదిలేయడం అతనికి నచ్చలేదు. "మాప్ళా, కాలు నీకుండాది. మేపేది తెలీదు నీకు" అన్నాడు, చెల్లెలి మొగుణ్ణి పిలిచే అరవ పిలుపుతో. ముందుగా నెల రోజులు ఉలవలు, నానబెట్టి రుబ్బిన పత్తిగింజల పాలు పట్టించాడు. దాంతో వెళ్ళైసామికి ఒంట్లో సత్తువ పెరిగిన మాట నిజం. పందెం ముందు రోజు మధ్యాహ్నం నుంచి నీళ్ళు ఆపించాడు. పందెపు ఎద్దుకు చేసేది అదే. నీళ్ళు తాగిన ఎద్దు కడుపు బరువై అడుగు సాగదు. కడుపు ఎండిన ఎద్దు గాలిలా లేస్తుంది. పందెం దారిలో దానికి నీళ్ళు పెట్టరు, తడిగుడ్డతో మూతి తుడుస్తారు. సాత్తూరు దాకా చెల్లసామి సైకిలు మీద వెంట వచ్చి, మూడుసార్లు చెల్లెలి మొగుడి మూతి తుడిచాడు.

సాత్తూరులో వైప్పారు వంతెన దాటేసరికి వెళ్ళైసామి అందరికంటే ముందున్నాడు. పంతొమ్మిదో మైలులో, ఒక కల్వర్టు దగ్గర, ఎండ ఎక్కిన వేళ, పక్కకు ఒరిగి పడ్డాడు. ఆ తర్వాత జరిగింది అతనికి తెలియదు. పత్తి బండి ఒకటి అతన్ని విరుదునగరంలో ఒక డాక్టరు ఇంటికి చేర్చింది. అతను కళ్ళు తెరిచింది మరునాడు.

"గుండె బలహీనం," అన్నాడు డాక్టరు. "నాడి అందకుండా పోయింది. ఇక ఈ పరుగులు మానెయ్."

పందెం ముందు రోజు ఏం తిన్నావని డాక్టరు అడిగాడు. వెళ్ళైసామి చెప్పాడు. ఏం తాగావని అడగలేదు. చెప్పాలని ఇతనికీ తోచలేదు. పందెపు ఎద్దుకు నీళ్ళు ఆపడం ఆ ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు, పొద్దున్నే కొట్టం ఊడ్వడంలాగే.

ఆ మాట ఊళ్ళోకి బస్సు కంటే ముందే వచ్చింది. మార్చి నుంచి వెళ్ళైసామి గుండె ఊరందరిదీ అయింది. పత్తి బోరెం ఎత్తబోతే ఎవడో ఒకడు వచ్చి అందుకుంటాడు. బావిలో నీళ్ళు తోడే కవలకు ఎద్దుల్ని కట్టబోతే "నీకేలప్పా, కూచో" అంటారు. రేక్లా ఎద్దుల్ని చెల్లసామి తన కొట్టానికి తోలుకుపోయాడు, మంచికే. తల్లి మాయక్కాళ్ విరుదునగరాన్ని ఇంకా విరుదుపట్టి అనే పాత పేరుతోనే పిలిచే మనిషి. ఆమె ఎవరొచ్చినా కొడుకును చూపించి, "విరుదుపట్టి దాకా పోయి గుండెని ఆడ పోగొట్టుకొని వచ్చె" అని చెప్పేది. చెప్పి చెప్పి ఆ మాట ఆమెకు బాగా కుదిరింది. పెళ్ళిళ్ళలో అతన్ని ముసలివాళ్ళ వరసలో కూర్చోబెట్టారు.

ఎనిమిది నెలలు భరించాడు. అక్టోబరు వానలకు విత్తనం పడ్డాక, ఎవరికీ చెప్పకుండా రోడ్డెక్కాడు. రెండో రాయి దాకా వచ్చి ఆగాడు.

నవంబరంతా అలాగే గడిచింది. మూడో రాయి ఒక్కసారి చూశాడు, అదీ నడుస్తూ. ఒకరోజు చెవుల్లో దూది పెట్టుకుని పరుగెత్తాడు. చప్పుడు లోపలి నుంచి ఇంకా గట్టిగా వినిపించింది. దూది తీసి పారేసి, రాయిని కాలితో తన్ని, కుంటుకుంటూ వచ్చాడు.

బొమ్మక్క ఆ కాలికి ఆముదం రాస్తూ అడిగింది: "రాయి యేం చేసె బావా నిన్ను?"

"ఆడనే ఆగిపోతావుండాను."

"దాన్ని పెరికి అవతల వెయ్యనా?"

"నవ్వులాట కాదు బొమ్మక్కా."

"నేనేడ నవ్వినాను? ఇంట్లో ఒక గుండె జబ్బోడుండాడని ఊరంతా సెప్తారు. నాకు ఆ జబ్బు యాడుండాదో కనపడలే. పొద్దున రెండు మైల్లు పరిగెత్తి వచ్చి నాలుగు సంగటి ముద్దలు తినేవాడికి గుండె జబ్బా? డాకిటర్నే పోయి అడుగు. సంఘం వాల్లని అడుగు. నన్ను సతాయించొద్దు."

డిసెంబరులో వెళ్ళాడు. సంఘం కార్యదర్శి మార్కెట్టు వీధిలో పత్తి కమిషను కొట్టు నడిపే పెద్దమనిషి. మర్యాదగా కూర్చోబెట్టి, మర్యాదగానే కాదన్నాడు. కిందటి పందెంలో అతను పడిపోయినందుకు సంఘం కొత్త నియమం పెట్టింది: ముందెప్పుడైనా పందెంలో పడినవాడు డాక్టరు చీటీ తేవాలి. ఆ నియమం వర్తించే మనిషి జిల్లా మొత్తం మీద వెళ్ళైసామి ఒక్కడే.

డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. "ఇవాళ బాగానే ఉంది," అన్నాడు.

"అయితే చీటీ రాయండి సార్."

"ఆ రోజు బాగాలేదు కదా. మళ్ళీ ఎప్పుడు అలా అవుతుందో నాకు తెలియదు. నువ్వు రోడ్డు మీద పోతే, కాగితం మీద నా సంతకం ఉంటుంది."

"పోను సార్."

"అది నువ్వు చెప్పేదా? ఆ రోజు నీ నాలుక నువ్వు చూసుకోలేదు. ఎండిన చెప్పుతోలులా ఉంది. తొడల్లో సూది గుచ్చి రెండు సీసాల ఉప్పునీళ్ళు ఎక్కిస్తే గానీ నాడి చేతికి అందలేదు. వెళ్ళు నాయనా, పొలం చూసుకో."

వెళ్ళైసామి తిరుగు బస్సులో కూర్చుని సాత్తూరు దాకా డాక్టరును, సాత్తూరు నుంచి కార్యదర్శిని, దిగేముందు తనను తిట్టుకున్నాడు. చెప్పుతోలు మాట మాత్రం మనసులో పడి ఉండిపోయింది, చెప్పులో ఇసకలాగా.

అది బయటికి వచ్చింది జనవరి ఆఖరులో. మరునాడు ఎట్టయపురం వైపు ఎక్కడో రేక్లా పందెం. చెల్లసామి కొట్టంలో ఎద్దులకు కొమ్ములు రుద్దుతున్నాడు. వెళ్ళైసామి తను పెంచిన బూడిదరంగు మయిల ఎద్దును చూడ్డానికి వెళ్ళాడు. అది అతని చెయ్యి నాకింది. ఆ నాలుక గరుకు ఎప్పటి గరుకు కాదు. అతను దాని దవడ పట్టి నోరు తెరిచి చూశాడు.

"నీల్లు చూపిస్తివా బావా దీనికి?"

"రేపు పందెం పెట్టుకొని ఈ పొద్దు నీల్లా? యేం మాప్ళా, ఎద్దుల కొట్టంలో పుట్టినోడివి, కొత్తగా అడగతావు. మద్యాన్నమే ఆపేస్తిని."

"దీని నాలిక చూడు. చెప్పుతోలు మాదిరి ఉండాది."

"నాలిక చూసేది వైదుగుడు. మేం కాలు చూస్తాం."

"రేపు ఇది ఎన్ని మైల్లు పరిగెత్తాల?"

"మూడు. తెలీదా నీకు?"

"నేను ఎన్ని పరిగెత్తితిని?"

చెల్లసామి కొమ్ము రుద్దడం ఆపాడు. వెళ్ళైసామి గొంతు పెంచలేదు. "నన్ను కూడా ముందునాటి మద్యాన్నమే ఆపేస్తివి బావా. ఎద్దుకి మూడు మైల్లు, నాకు ఇరవై ఆరు. నా నాలిక ఇట్లనే ఉండెనని డాకిటరు సెప్పె. ఉప్పునీల్లు పోసినాకనే నాడి వచ్చెనంట."

"అట్లంటే నేనే నిన్ను సంపితిననా సెప్తావు?"

"సావలేదు గదా."

"సచ్చింటే ఈ మాట పడేది లేదు నాకు," అన్నాడు చెల్లసామి. గుడ్డ విదిలించి, ఎద్దుకు అటు పక్కకు వెళ్ళి రెండో కొమ్ము పట్టుకున్నాడు. ఆ తర్వాత నెల రోజులు వెళ్ళైసామితో మాట్లాడలేదు. ఆ పూట మాత్రం వెళ్ళైసామి కొట్టం దాటి పోతుండగా వెనక తొట్టిలో నీళ్ళు పోసిన చప్పుడు వినిపించింది.

విషయం ఇంట్లో తెలిసింది. బొమ్మక్క అన్నను వెనకేసుకు రాలేదు, మొగుడినీ వదల్లేదు. "మా అన్న నీల్లు వద్దంటే నీ నోరు యాడ పోయె? పసరానికి నోరు లేదు, అడగలేదు. నీకుండాది గదా. దప్పి అయితే అడగరాదా? ఇద్దరూ ఒకే కొట్టంలోవాల్లే."

ఆమె మర్నాటి నుంచి రెండో రాయి దగ్గర ఉప్పేసిన అంబలి కుండ ఒకటి పెట్టించింది. కారణం తెలిసింది కాబట్టి భయం పోవాలి. పోలేదు. వెళ్ళైసామికి అన్నిటికంటే కోపం తెప్పించింది అదే. తప్పు గుండెది కాదని తెలుసు, నీళ్ళదని తెలుసు, అయినా రెండో రాయి రాగానే చెవి లోపలికి తిరుగుతుంది. కుండ దగ్గర ఆగేవాడు, తాగేవాడు, తిట్టుకునేవాడు, ముందుకు పోయేవాడు. ఆగి పోవడానికి, ఆగిపోవడానికి మధ్య అతనికి మిగిలిన తేడా అంతే. ఫిబ్రవరి మధ్యకు పన్నెండు మైళ్ళు వచ్చాయి. కిందటేడు ఆ నాటికి ఇరవై రెండు పరుగెత్తాడు.

డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళి జరిగింది చెప్పాలి. వెళితే డాక్టరు కలరా టీకాలు వేయడానికి పల్లెలకు పోయాడన్నారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ వెళితే ఇంకా రాలేదన్నారు. మూడోసారి, శనివారం నాడు, దొరికాడు. అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు రోజు మధ్యాహ్నం నుంచి చుక్క నీళ్ళు లేవా?"

"లేవు సార్."

"పందెంలో?"

"మూతి తుడిచారు సార్."

"నువ్వు మనిషివా, ఎద్దువా?"

ఆ ప్రశ్న ఇంట్లో అప్పటికే అయిపోయింది. డాక్టరు చీటీ రాశాడు: మైలు మైలుకూ నీళ్ళు తాగే షరతు మీద పరుగెత్తవచ్చు. సంతకం కింద తేదీ వేసి, దాని కింద ఒక గీత కొట్టాడు.

కార్యదర్శి చీటీ చదివి, చాలా బాగుందని, పట్టిక నిన్న శుక్రవారం సాయంత్రమే మూసేశామని చెప్పాడు. పద్నాలుగు పేర్లు అచ్చుకు కూడా వెళ్ళిపోయాయి.

"డాక్టరు ఊళ్ళో లేడండి. నాలుగు రోజులుగా తిరుగుతున్నాను."

"నిజమే. కానీ నియమం."

"కిందటేడు లేని నియమాలన్నీ నాకోసమే పుట్టినాయండి."

కార్యదర్శికి కాస్త సిగ్గేసింది. "రోడ్డు సర్కారుది," అన్నాడు. "దాని మీద పరుగెత్తొద్దని నేను అనలేను. నంబరు మాత్రం ఇవ్వను."

మరుసటి ఆదివారం పొద్దున ఆరు గంటలకు పద్నాలుగు మంది సున్నపు గీత మీద నిలబడ్డారు. వెళ్ళైసామి గీతకు పది అడుగుల వెనక, నంబరు లేకుండా నిలబడ్డాడు. నీళ్ళు దారిలో బావుల దగ్గర అడిగి తాగుదామని అతని ఆలోచన. జెండా ఊపారు. అందరూ పోయాక అతను కదిలాడు. రెండు మైళ్ళయ్యాక గుండె వినిపించింది. ఆగాడు. అక్కడ రాయి మీద మరక కూడా లేదు, కుండా లేదు. వెనక గజ్జెల చప్పుడైంది. రేక్లా బండి మీద చెల్లసామి, కాళ్ళ మధ్య గడ్డి చుట్టిన కడవ.

"ఎద్దులకి కాలు సాగాలని ఇట్లా వస్తిని," అన్నాడు చెల్లసామి, రోడ్డు వైపు చూస్తూ. "నీకోసమని అనుకునేవు."

"కడవ?"

"నీ పెండ్లాము ఎక్కించె. నన్ను అడిగె అనుకుంటివా? తాగు. యేల చూస్తావు, తాగు."

పంతొమ్మిదో మైలు దాకా మైలుకొక గ్లాసు. కల్వర్టు దగ్గర వెళ్ళైసామి మళ్ళీ ఆగాడు. గోడ మీద కూర్చుని నలభై దాకా లెక్కపెట్టాడు. ఒక దెబ్బ తప్పిందో లేదో తేల్చుకోలేకపోయాడు. చెల్లసామి ఈసారి మూతి తుడవలేదు. రెండు గ్లాసులు ఇచ్చి, ఎద్దుల మెడకింద గోకుతూ నిలబడ్డాడు. అక్కడి నుంచి ఏడు మైళ్ళలో సగం పరుగు, సగం నడక. నడిచినప్పుడల్లా వెళ్ళైసామి తిట్టుకున్నాడు. చెల్లసామి వద్దనలేదు, అతనూ కొన్ని తిట్లు అందించాడు.

మార్కెట్టు మైదానం చేరేసరికి పందిరి గుడ్డ విప్పుతున్నారు. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది చేరారు, గెలిచినవాడు కప్పు తీసుకుని పదిన్నర బస్సుకు పోయాడు. వెళ్ళైసామికి ఎంతసేపు పట్టిందో ఎవరూ చూడలేదు. చెల్లసామికి గడియారం లేదు.

వెళ్ళైసామి నేరుగా కార్యదర్శి కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. "వచ్చే ఏటికి నా పేరు ఇప్పుడే రాసుకోండి," అన్నాడు.

కార్యదర్శి రాశాడు. ఒకటో నంబరు. "చీటీ?" అన్నాడు.

వెళ్ళైసామి మొలలోంచి తీసిచ్చాడు. చెమటకు తడిసి సిరా పాకినా తేదీ మాత్రం చక్కగా కనిపిస్తోంది.

"ఇది ఈ ఏటిదండి," అన్నాడు కార్యదర్శి. "వచ్చే ఏటికి కొత్తది తేవాలి."

సోమవారం పొద్దున ఏడు గంటల బస్సుకు వెళ్ళైసామి విరుదునగరం వెళ్ళాడు. డాక్టరు ఊళ్ళో లేడు. గురువారం వస్తాడన్నారు.